కలుపు మందు కొట్టేటోడు ఒక్కడే ఏం పాడుతడు?

సంక్రాంతి దగ్గర పడుతుంటే మా జహీరాబాద్ వైపు పల్లెల్లో పాత పంటల జాతర మాటలు మొదలవుతాయి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థకు చెందిన ఊరి మహిళా సంఘాల ఆడవాళ్లు ఏటా జరిపే జాతర ఇది. ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. ఎడ్లబండ్లను అలంకరించి, కుండల్లో, బుట్టల్లో విత్తనాలు పెట్టుకొని ఊరూరూ తిరుగుతారు. పచ్చజొన్న, కొర్ర, సామ, తైద, కంది, అనుము, కుసుమ, ఇంకా ఎన్నో. బండి వెంట డప్పు, పాట. ఊళ్లోకి రాగానే అందరూ ఒకచోట కూర్చుని సేద్యం గురించి మాట్లాడుకుంటారు. దాదాపు నెల రోజులు తిరిగి ఫిబ్రవరిలో మాచ్‌నూర్‌లో ముగిస్తారు.

ఈ జాతర గురించి రాసేవాళ్లు ఎక్కువగా విత్తనాల గురించే రాస్తారు. నాకు పాటల గురించి రాయాలనుంది. ఎందుకంటే మా చేలల్లో విత్తనాలూ పాటలూ ఒకే కాలంలో తగ్గిపోయాయి.

కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు సాలు వెంట వరసగా వంగి కదులుతారు. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. పాట నడకను బట్టే చేతులు ఆడతాయి. ఎవరూ వెనకబడరు, ఎవరూ తొందరపడరు. ఆ పాటల్లో ప్రకృతిని కాపాడాలన్న మాట ఒక్కటీ ఉండదు. పుట్టింటి నుంచి రాని అన్న, అత్తింటి ఆరళ్లు, సీతమ్మ కష్టాలు, ఇవే ఉంటాయి. మా చిన్నమ్మకు అలాంటివి రాత్రంతా పాడినా తరగనన్ని వచ్చు. "పాట లేకుంటే నడుం నొస్తది బిడ్డా" అంటుంది.

మరి ఇప్పుడు చేలో ఎందుకు పాడరని అడిగాను. "మందు కొట్టేటోడు ఒక్కడే ఉంటడు. ఒక్కడు ఏం పాడుతడు?" అంది.

ఈ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పాటలు పోవడానికి టీవీనో, సెల్‌ఫోన్‌నో కారణమని అంతా అనుకుంటాం. కానీ కలుపు మందు వచ్చాక పదిమంది వంగి చేసే పని ఒక మనిషి, ఒక స్ప్రేయర్ చేసే పని అయింది. పాటకు గొంతొక్కటే సరిపోదు, అందుకునేవాళ్లు ఉండాలి. వాళ్లే లేకుండా పోయారు.

పోయింది పాట ఒక్కటే కాదు. కలుపు అని మనం పిలిచే దాంట్లో సగం కూరే. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్న చెంచలి, గునుగు. ఎవరూ విత్తరు, నీళ్లు పెట్టరు, వాటంతట అవే మొలుస్తాయి. కలుపుకు పోయిన ఆడవాళ్లు సాయంత్రం కొంగులో మూటగట్టుకొని వచ్చేవాళ్లు, రాత్రి కూర అదే. ఏ ఆకు తినేది, ఏది కాదు, ఏది లేతగా ఉన్నప్పుడే కోయాలి అన్నది పిల్లలు ఆ వరసలో అమ్మల పక్కన వంగి నేర్చుకున్నారు. మందు కొడితే ఆ ఆకులూ మాడిపోతాయి, ఆ చదువూ ఆగిపోతుంది.

రైతును తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మా అన్న పత్తి వేస్తాడు. కూలి ఎంత పెరిగిందో, అదునులో మనుషులు దొరక్క ఎంత టెన్షన్ పడతాడో నాకు తెలుసు. నేను చెప్పేదల్లా ఒకటే: పది రకాలు కలిపి వేసిన చేను రైతును పదిసార్లు పిలుస్తుంది. ముందు పెసర, తర్వాత కొర్ర, తర్వాత జొన్న, చివరికి కంది. ప్రతి పిలుపుకూ నలుగురు కలవాలి. అందుకే పాత పంటలు వేసే చోట పాట ఇంకా కొంతైనా బతికి ఉంది.

ఈ సంఘాల వాళ్లే నడిపే కమ్యూనిటీ రేడియో, సంఘం రేడియో సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంతే 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో ఈ రేడియోను ప్రారంభించారు. నడిపేది దళిత మహిళలు. రికార్డింగ్, ఎడిటింగ్ అన్నీ వాళ్లే. లైసెన్స్ రాకముందు ఏళ్ల తరబడి పాటలూ మాటలూ క్యాసెట్లలో దాచి, సంఘాల్లో వినిపించుకున్నారు. వానకు ముందు విత్తనం ఎలా ఎంచాలో, బూడిద, వేపాకు కలిపి ఎలా దాచాలో ఒకామె చెబుతుంది, వెంటనే పాట వస్తుంది. ఆ యాస మాదే. మా మాట రేడియోలో రావడం ఎంత గొప్పో ఆ యాసను ఎగతాళి చేయించుకున్నవాళ్లకే తెలుస్తుంది.

జాతరలో నాకు అన్నిటికన్నా నచ్చేది వేరే ఉంది. బండి ఊళ్లోకి వచ్చినప్పుడు పెద్దిళ్ల ఆడవాళ్లు కూడా బయటికి వచ్చి ఎడ్ల కాళ్లకు నీళ్లు పోయడం చూశాను. ఒకప్పుడు వాళ్ల పొలాల్లో కూలికి పోయినవాళ్లే ఇప్పుడు ఆ బండి ముందు పాడుతున్నారు. "ఈ రకం సామ మా ఇంట్ల ఉండేది, ఇప్పుడు లేదు, సోలెడు ఇయ్యరాదా?" అని ఒక పెద్దావిడ అడిగింది. అడిగింది ఎవరిని, ఇచ్చింది ఎవరు అన్నది మా ఊరి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏ మీటింగ్ పెట్టినా వాళ్లిద్దరూ అలా పక్కపక్కన నిలబడేవాళ్లు కారు. డప్పు మోగింది కాబట్టి వచ్చారు.

పాట వల్లే నేల బాగుపడుతుందని నేను అనను. పొలం ఉండాలి, గింజకు ధర రావాలి, రేషన్‌లో జొన్నలు ఇవ్వాలి. వీటి కోసం నలుగురినీ ఒకచోటికి తెచ్చే పని మాత్రం మా దగ్గర పాటే చేస్తోంది.

ఈ మధ్య చిన్నమ్మ పాటలు ఫోన్‌లో రికార్డ్ చేయడం మొదలుపెట్టాను. పాటతో పాటు అది ఏ పనిలో పాడతారు, ఏ పంటలో, ఎవరి దగ్గర నేర్చుకుంది అని కూడా అడిగి రాస్తున్నాను. ఇంట్లో మంచం మీద కూర్చుని పాడమంటే ఆమెకు సగం గుర్తురావు. అందుకే ఈసారి కంది కోతకు ఆమె ఈడు వాళ్లను మరో ఇద్దరిని పిలిచి, చేలోనే పాడించాలనుకుంటున్నాం. మీ ఇళ్లలో నాటు పాటలు, కలుపు పాటలు తెలిసిన పెద్దవాళ్లు ఉంటే మీరూ అలాగే చేయండి, తోడు అందుకునేవాళ్లను మాత్రం మర్చిపోకండి.