ఏడాది మేటి కారుకు ఎన్ని స్టార్లు?

‘ఇండియన్ కార్ ఆఫ్ ది ఇయర్’ ఫలితం వెలువడిన ప్రతిసారీ, కారు కొనే ఆలోచనలో ఉన్న బంధువులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: బిరుదు వచ్చిన కారును కళ్లు మూసుకుని కొనేయవచ్చా? ఈ పురస్కారాన్ని చాలా ఏళ్లుగా ఆసక్తితో గమనిస్తున్నవాడిగా నాకు దాని మీద గౌరవమూ ఉంది, ఒక ఫిర్యాదూ ఉంది.

2006లో మారుతి స్విఫ్ట్‌తో మొదలైన ఈ పురస్కారాన్ని ఆటోమొబైల్ పత్రికలలో అనుభవం గడించిన పాత్రికేయులు నిర్ణయిస్తారు. ధర, మైలేజీ, రూపం, సౌకర్యం, భద్రత, పనితీరు, సాంకేతికంగా కొత్తదనం, పెట్టిన డబ్బుకు దక్కే విలువ, మన రోడ్లకు సరిపోతుందా లేదా అన్నవన్నీ వారు చూస్తారు. ఒక్కో న్యాయనిర్ణేత చేతిలో 25 పాయింట్లు ఉంటాయి. వాటిని కనీసం ఐదు కార్లకు పంచాలి, ఏ ఒక్క కారుకూ 10కి మించి వేయకూడదు. ఐరోపాలో 1964 నుంచి ఇస్తున్న పురస్కారానిదీ ఇటువంటి పద్ధతే. ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. కొందరు మోజుపడి పదేసి పాయింట్లు వేసినా మిగిలినవారు పక్కన పెట్టేసిన కారు కంటే, ఎవరినీ అంతగా ఊరించకపోయినా అందరి దగ్గరా ఆరేసి పాయింట్లు రాబట్టుకున్న కారే ముందుకు వస్తుంది. అంటే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకని, నలుగురికీ నచ్చే కారుకు ఇక్కడ అవకాశం ఎక్కువ. 2024లో ఎక్స్‌టర్‌తో హ్యుందయ్ ఎనిమిదోసారి గెలవడంలో ఈ మెలికకూ కొంత పాత్ర ఉందని నా అనుమానం.

గెలిచిన కార్లన్నీ మార్కెట్టులో నిలదొక్కుకోలేదు. లక్ష రూపాయల కారుగా ప్రపంచమంతా చెప్పుకున్న టాటా నానో 2010 విజేత. 2018 జూన్ నెల మొత్తం మీద తయారైన నానో ఒక్కటంటే ఒక్కటే. 2011 విజేత ఫిగోను మనకిచ్చిన ఫోర్డ్, ఇక్కడ కార్ల తయారీని ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. అందుకు న్యాయనిర్ణేతలను తప్పుపట్టను, ఎందుకంటే అమ్మకాల గురించి జోస్యం చెప్పడం వారి పని కాదు. నా ఫిర్యాదల్లా భద్రత గురించే.

కార్లను గుద్దించి చూసి, భద్రతకు సున్నా నుంచి ఐదు వరకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ, 2014 జనవరిలో మన దేశంలో అమ్ముడవుతున్న ఐదు చిన్న కార్లకు జరిపిన క్రాష్ టెస్టుల ఫలితాలను బయటపెట్టింది. ఈ పరీక్షలో గంటకు 64 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ముందు భాగంలో డ్రైవరు వైపు 40 శాతం మేర మాత్రమే తగిలేటట్టు, నలిగే స్వభావం ఉన్న అడ్డుగోడకు దాన్ని గుద్దిస్తారు. రెండు వరుసల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయబోయి ఎదుటి బండికి ఒక పక్కగా తగిలించుకునే ప్రమాదానికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. ఆ ఐదింటిలో మూడు, అంటే 2008 విజేత ఐ10, 2010 విజేత నానో, 2011 విజేత ఫిగో, మన బిరుదు పొందిన కార్లే. కారులోని పెద్దవారికి (పిల్లలు కాక) దొరికే భద్రతలో మూడింటికీ వచ్చినవి సున్నా స్టార్లు. పరీక్షకు తీసుకున్నవి ఎయిర్‌బ్యాగులు లేని బేస్ మోడళ్లన్నది నిజమే. అయితే ఫిగో బాడీ స్థిరంగా నిలబడింది గనుక, ఎయిర్‌బ్యాగులు ఉంటే ముందు కూర్చున్నవారికి రక్షణ బాగా పెరిగేది. నానో, ఐ10ల విషయంలో బాడీయే దెబ్బకు తట్టుకోలేక కుంగిపోయింది. అదే ఏడాది నవంబరులో, ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌కూ సున్నాయే వచ్చింది. స్విఫ్ట్ 2012 విజేత.

ఈ ఫలితాలు రాకముందే ఇచ్చిన బిరుదులు కాబట్టి వాటిని పెద్దమనసుతో వదిలేయవచ్చు. పైగా డ్రైవరుకు ఎయిర్‌బ్యాగు ఉండి తీరాలన్న నిబంధన కూడా దేశంలో 2019 జులైకి గాని రాలేదు. నాకు కొరుకుడుపడనిది ఆ తరువాతి కథ. 2018లో కొత్త తరం స్విఫ్ట్, రెండు ఎయిర్‌బ్యాగులు ఉండి కూడా, రెండు స్టార్ల దగ్గరే ఆగిపోయింది. 2019 బిరుదు మాత్రం దానికే దక్కింది.

మన రాయలసీమకు సంబంధించిన ఉదాహరణ మరొకటి ఉంది. 2023 విజేత కియా కారెన్స్ తయారయ్యేది, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి పక్కన, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో. కరవుసీమగా పేరుపడిన చోట తయారైన కారు దేశంలోకెల్లా మేటిదనిపించుకుంటే సంతోషించని తెలుగువాడు ఉండడు, నేనూ సంతోషించాను. మూడు వరుసల సీట్లున్న ఆ కారులో, బేస్ మోడల్‌తో సహా అన్నింటిలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. అయినా 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ దానికి ఇచ్చింది మూడు స్టార్లే, బాడీ స్థిరంగా లేదన్న వ్యాఖ్యతో సహా. షోరూములో సేల్స్‌మన్ ఎయిర్‌బ్యాగులు ఎన్నో లెక్కపెట్టి చెబుతాడు గాని, బాడీ సంగతి మనం అడిగితే తప్ప ఎత్తడు.

బిరుదూ స్టార్లూ ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగానే ఉన్నాయని చెబితే అన్యాయమవుతుంది. 2022 విజేత మహీంద్రా ఎక్స్‌యూవీ700కి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో పెద్దల భద్రతకు ఐదు స్టార్లున్నాయి. 2025 విజేత థార్ రాక్స్ మన సొంత క్రాష్ టెస్టు పథకం భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు తెచ్చుకుంది. కానీ 2024 విజేత ఎక్స్‌టర్, బిరుదు అందుకునే నాటికి ఈ రెండు పరీక్షల్లో ఏ ఒక్కదాని ఫలితమూ లేని కారు.

2023 అక్టోబరులో అమలులోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ స్వచ్ఛంద పథకం. అంటే కారును పరీక్షకు పంపాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. సరిగ్గా ఇక్కడే ఈ పురస్కారానికి ఒక పని ఉంది. పోటీకి వచ్చే ప్రతి కారుకూ క్రాష్ టెస్టు ఫలితం ఉండాలనీ, అది కూడా ఎక్కువమంది కొనే మోడల్‌కు చెందినదై ఉండాలనీ న్యాయనిర్ణేతలు ఒక్క నిబంధన పెడితే చాలు. ఈ బిరుదును ఏడాది పొడవునా ప్రకటనల్లో చూపించుకునే కంపెనీలు, ఆ పరీక్షకు తమ కార్లను తామే పంపుతాయి.