వడిసెలకు టికెట్టు

నిద్ర పడతలేదు. 1946 తెలంగాణ రైతాంగ పోరాటాన్ని మేము ఊరికే ఆడి చూపిస్తం. దానికి టికెట్టు పెడదామని ఈవెంట్ల పిల్లగాడు ఇచ్చిన రేట్ల కాయితం ఇంకా ఫ్రిజ్ మీదనే ఉన్నది.

ముందు వరుస కుర్చీ 500, వెనక 200, వడిసెల పట్టుకొని ఫోటో దిగితే 50. రోజుకు మూడు ఆటలు. ఈవెంట్ల పిల్లగాడు ఇస్త్రీ అంగీ మీద చాయ్ పడకుండ చూసుకుంట, "అక్కా, మీ దగ్గర కంటెంట్ మస్తున్నది, ప్యాకింగే లేదు" అన్నడు. 1946 కంటెంట్ అయింది.

మూడు ఆటలట! వడిసెల అంటే ఏమనుకున్నడో. జనుపనార తాడు రెండు పేటలు, మడిస్తే చెయ్యంత పొడుగు, నడుమ తోలు ముక్క. ఒక కొస ఉచ్చు నడిమి వేలికి, ఇంకో కొస ముడి బొటనవేలుకు చూపుడువేలుకు నడుమ. తిప్పి ముడి వదలాలె. రెండు పేటలు సమానంగ లేకుంటే తోలు ఒక దిక్కు వాలి, తిప్పుతుంటనే రాయి జారుతది. అందుకే తాడును తడిపి, రాత్రంత బరువు కట్టి వేలాడదీసి, సాగేదంత సాగినంకనే ముడేస్తం. ఆటల రాయి వాడం, నిమ్మకాయంత గుడ్డ ఉండ. సెప్టెంబర్ వానకు అది తడిసిందంటే రాయికి తమ్ముడే. అందుకని ప్రతి ఆటకు పొడి ఉండలు వేరే సంచిల ఉండాలె. అరక్షణం ముందు వదిలితే ఒక పక్కకు, ఆలస్యమైతే ఇంకో పక్కకు పోతది. విసిరేటోళ్లకు రెండు పక్కల, వెనక మనిషి ఉండొద్దు. ఆయన కాయితంల 500 రూపాయల కుర్చీలు సరిగ్గ ఆ పక్కనే గీసిండు. పైసలిచ్చి బొప్పి కట్టించుకునుడు.

అత్తమ్మ కాయితం చూసి ఒక్కటే అడిగింది, "ఫోటోకు యాభై ఎందుకు, చేన్లకు వస్తే ఊరికే తిప్పి చూపిస్త గద" అని. ఆమెకు వడిసెల అంటే పోరాటం కాదు, జొన్నచేను. మంచె మీద నిలబడి తిప్పేదట. రాయి పిట్టకు తగిలే పనే లేదు, కొస చిటుక్కుమంటే చాలు, గుంపంత లేచి పక్క చేన్లకు పోయేది. అప్పుడు పక్క చేను మంచె మీదామె తిప్పేది. పొద్దంత పిట్టలు అటు ఇటు, తిట్లు అటు ఇటు. మా ఆటల ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కనిది ఇదే: దొరల మీద లేచిన సంఘపోళ్ల చేతుల ఉన్నయన్ని ఇంట్ల సామాన్లే. గుత్ప కర్ర, రోకలి, కారం, వడిసెల. ఊరి మీదికి పోలీసులొస్తే పిట్టల్ని తోలిన చేతులే లేచినయి. సినిమాల యోధుని లెక్క ఛాతి విరిస్తే పాడైపోతది.

కారం బదులు జొన్నపిండిల జాజు కలిపి చల్లుతం, అదీ కాళ్ల దిక్కే. గాలి ఎటున్నదో చూడకుంటే మన కండ్లల్లకే వస్తది. తుపాకులు కర్రవి. మందు కూరి పేల్చే భర్మార్ తుపాకికి లైసెన్సు కావాలె, ఆ జోలికి పోము. చప్పుడు కోసం నలభై అడుగుల దూరంల సుతిలి బాంబు. కాల్చినట్టు చేసుడు, పేలుడు కలవకుంటే జనం నవ్వుతరు. అందుకని డప్పు మూడో దెబ్బను గుర్తు పెట్టుకున్నం. అమెరికాల సివిల్ వార్, అంటే వాళ్ల అంతర్యుద్ధం, ఆడి చూపించేటోళ్లు నిజం తుపాకులనే వాడతరు. గుండు లేకుండ ఉత్త మందు పోసి, గొట్టం పైకెత్తి పేలుస్తరు.

ఇంత తిట్టినంక లెక్క రాస్తుంటే చెయ్యి ఆగింది. డప్పోళ్లకు ఇస్తున్నం. అంబులెన్సుకు, నీళ్ల ట్యాంకర్‌కు ఇస్తున్నం. చేతి నేత గొంగడి ఒక్కటి వేలల్ల ఉన్నది, నేసిన కురుమోళ్లకు అరువు పెట్టలేం. కని పత్తి చేండ్ల కూలి విడిచి గుత్ప పట్టుకొని వచ్చే పిల్లలకు మాత్రం పులిహోర పొట్లం. ఒకటో తారీకు జీతం పడే నేను "మనం ఊరికే చేస్తున్నం" అని మీసం లేకున్నా మెలేస్తున్న. కూలి పోయినోనికి అది ఏం గొప్ప? టికెట్టు పెడితే పెట్టనీ. రోజుకు ఒక్కటే ఆట, కూలి ముందు, మిగిలిందాంట్లె ఆయన వాటా.

మరి నాకు మంటెందుకు? కాయితం వెనక పక్క రాసిన ముక్కకు. "కడవెండిలనే వేద్దాం, కొమరయ్య పడ్డ జాగల్నే, అక్కడైతే రేటు డబుల్." 1946 జూలై 4న దేశ్‌ముఖ్ గడి ముందరి నుంచి ఊరేగింపు పోతుంటే తుపాకి పేలి దొడ్డి కొమరయ్య పడిన ఊరది. అక్కడ మనోడు పడాలె, చప్పట్లు కొట్టంగనే లేవాలె, మళ్ల నాలుగు గంటల ఆటకు పడాలె.

ఇది కొత్త తగాద కాదు. 1961 జూలైల అమెరికాల ఆ సివిల్ వార్‌లదే మనాసస్ యుద్ధానికి నూరేండ్లు నిండితే, ఆ యుద్ధం జరిగిన నేల మీదనే గ్యాలరీలు కట్టి, టికెట్లు అమ్మి ఆడించిండ్రు. విమర్శలు మస్తుగ వచ్చినయి. తర్వాత అక్కడి నేషనల్ పార్కులోళ్లు తమ రణభూముల మీద ఎదురెదురు యుద్ధం ఆటలు బందు పెట్టిండ్రు. అదే సివిల్ వార్‌ల ఇంకో రణభూమి గెటిస్‌బర్గ్ ఆటలు గూడ పక్కన ప్రైవేటు పొలాల్ల టికెట్టు పెట్టే ఆడతరు. టికెట్టు ఉన్నది, జాగ వేరే. పొద్దున ఆ పిల్లగాని ముందర ఈ ముక్క నోటికి రాలే, రాత్రి పదకొండింటికి వస్తున్నది.

మన ఊర్లనే, చెరువు కట్ట కింది చెలుక అడగాలె. కంప కొట్టించాలె, ఉత్తరం దిక్కు ఖాళీ ఉంచాలె. ఆ చెలుకాయన టికెట్టు సంగతి విన్నడంటే కిరాయి ఎంత చెప్తడో. తాళ్లు బకెట్ల నానేసిన.