మ్యాపులో పచ్చ గీతలు

శనివారం, జూన్ మూడో వారం.

బస్సు తొమ్మిదిన్నరకి. నాన్న మాత్రం ఆరింటికే షూ వేసుకుని హాల్లో కూర్చున్నారు. ఇంగ్లండ్‌లో మా ఇంటికొచ్చి నెల కావస్తోంది, ఇప్పటిదాకా ఆయన చూసిందల్లా మా వీధి, పక్కనున్న పార్కు, సూపర్ మార్కెట్. మోకాలు నొప్పి కదా అని నేనే ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. నిన్న రాత్రి అమ్మ ఫోన్లో కేకలేసింది, "ఆయన్ని రోజూ నాలుగడుగులు నడిపించవే, లేకపోతే కాళ్ళు పట్టేస్తాయి" అని. అందుకే ఎక్కువ ఎగుడు దిగుళ్ళు లేని దారి కోసం వెతికి, బోర్టన్-ఆన్-ది-వాటర్ నుంచి స్లాటర్ ఊళ్ళకి వెళ్ళే నడక ఎంచుకున్నాను. ముందు లోయర్ స్లాటర్, ఆ తర్వాత అప్పర్ స్లాటర్. ఒక్కొక్కటి మైలు దూరం. చెల్టెన్‌హామ్‌లో 801 బస్సు ఎక్కితే నేరుగా బోర్టన్‌లో దిగొచ్చు.

బోర్టన్‌లో తిరునాళ్ళలా జనం. విండ్రష్ నది మీద పొట్టి రాతి వంతెనలు, ఐస్‌క్రీమ్ క్యూలు, నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని పిల్లలు. ఒక బెంచీ దొరికితే కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ మ్యాపు విప్పాను. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపు, నంబరు ఓఎల్ 45. నాన్న చేతికివ్వగానే కళ్ళజోడు పైకి తోసి, దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఒకటికి పాతిక వేలు. నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. పొలం గట్లన్నీ వేశారమ్మా!"

నేను మర్చిపోయాను. ఆయన ముప్పై ఏళ్ళకి పైగా రెవెన్యూలో పనిచేశారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో కథల పుస్తకాల కంటే ఎఫ్‌ఎంబి కాపీలే, అంటే పొలాల కొలతల పుస్తకాలే, ఎక్కువ ఉండేవి. పాత కొలతలన్నీ లింకుల్లో ఉంటాయని, వంద లింకులు ఒక గొలుసని, పది చదరపు గొలుసులైతే ఎకరమని నాకు ఎక్కాలతో పాటే నేర్పారు. ఆ గొలుసు ఈ దేశంలోనే పుట్టింది. 1620 ప్రాంతంలో గంటర్ అనే ఆయన తయారు చేసిన అరవై ఆరడుగుల గొలుసు అది.

"ఈ పచ్చ గీతలేంటి? తెంపులు తెంపులుగా పొలాల మధ్యలోంచి పోతున్నాయి."

"కాలిబాటలు నాన్నా. ఎవరైనా నడవొచ్చు."

"మన పుంత దారుల్లాగా ప్రభుత్వ భూమా?"

"కాదు. భూమి రైతుదే. దాని మీదుగా నడిచే హక్కు మాత్రం అందరిదీ."

ఆయన మ్యాపు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. పశ్చిమ గోదావరిలో ఆయన చేసిన ఊళ్ళన్నిట్లో సగం తగాదాలు దారి గురించే. పుంత దున్నేశారని ఒకరు, గట్టు జరిపేశారని ఇంకొకరు, చేలోకి బండి పోనివ్వడం లేదని మరొకరు అర్ధరాత్రి మా తలుపు తట్టిన రోజులున్నాయి. రైతు పట్టా రైతు దగ్గరే ఉంది, అయినా ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఆ పొలంలోంచి నడిచి వెళ్తారంటే ఆయనకి మింగుడు పడలేదు. "మూసేస్తేనో?" అన్నారు. మూయకూడదని చెప్పాను. కౌంటీ కౌన్సిల్ దగ్గర డెఫినిటివ్ మ్యాప్ అని ఒకటి ఉంటుంది, అందులో ఎక్కిన దారి చట్టం ముందు దారే. 1949 చట్టం వచ్చాక మన పంచాయతీల్లాంటి పారిష్ కౌన్సిళ్ళ వాళ్ళు తమ ఊరి దారులన్నీ నడిచి చూసి రాసిచ్చారు. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్ కలిపితే ఇలాంటి దారులు సుమారు 1,40,000 మైళ్ళు.

"ఊరికే ఇచ్చి ఉండరు" అన్నారు నాన్న.

ఆ మాట నిజం. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల నుంచి వందలాది మంది, ఎక్కువగా కుర్ర కార్మికులు, కిండర్ స్కౌట్ కొండ మీదికి అనుమతి లేకుండా నడిచి వెళ్ళారు. అప్పట్లో అలాంటి కొండ భూములు వేటకే అట్టే పెట్టేవారు. ఆ రోజు నడిచిన వాళ్ళలో ఐదుగురు జైలుకి కూడా వెళ్ళారు. ఆదివారం ఒక్క పూట గాలి పీల్చుకోవడానికి జైలుకెళ్ళిన వాళ్ళు. వాళ్ళని తలుచుకుంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది.

పెద్ద రోడ్డు దాటాం. ఫాస్ వే అంటారు, రోమన్లు వేసిన దారి, ఇప్పుడు దాని మీద లారీలు పోతున్నాయి. దాటిన ఐదు నిమిషాలకే చప్పుడు తగ్గింది. పసుపుపచ్చ బాణం గుర్తు ఉన్న గుంజ, దాని పక్కన కిస్సింగ్ గేట్. నాన్న అక్కడ పది నిమిషాలు ఆగిపోయారు. అరచందమామలా వంచిన కంచె, దాని రెండు కొసల మధ్య ఊగే చిన్న తలుపు. తలుపుని అవతలికి తోసి మనం ఆ వంపులో నిలబడాలి, తలుపుని ఇవతలికి లాగి పక్కనుంచి బయటపడాలి. మనిషికైతే సులువే. ఆవు ఆ వంపులో తిరగలేదు. గొళ్ళెం లేదు, తాళం లేదు, మర్చిపోయి తెరిచి వదిలేసే అవకాశమే లేదు. నాన్న అటూ ఇటూ మూడుసార్లు వెళ్ళొచ్చి, తలుపు పైపట్టీ మీద చెయ్యి వేసి చూశారు. ఎన్నేళ్ళ చేతులు పడ్డాయో, ఆ చెక్క మన ఇంటి గడపంత నున్నగా అరిగింది.

"ఇది కనిపెట్టినవాడు పశువుల్ని కాసుంటాడు" అన్నారు.

లోయర్ స్లాటర్‌లో ఊరి మధ్యనే ఐ నది. నది అంటారు గానీ మన పంట బోదె కంటే కాస్త పెద్దది. మోకాల్లోతు కూడా లేదు, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. ఇటు ఇల్లు, అటు ఇల్లు, మధ్యలో దాటడానికి పలక వంతెన. ఇళ్ళన్నీ తేనె రంగు సున్నపురాయి. రాతిలో ఇనుము ఉండబట్టి ఆ రంగట. ఊరి చివర పాత మిల్లు, నీటి చక్రం. అన్నీ రాతి కట్టడాలైన ఊళ్ళో ఆ మిల్లుకి ఒక్కదానికే ఎర్ర ఇటుక పొగగొట్టం. స్లాటర్ అంటే నరకడమేమో అని నాన్న మొహం చిట్లించారు గానీ, పాత ఇంగ్లీషులో బురద నేలకి వాడిన మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. బురద నేల అనగానే ఆయనకి ఊరు దగ్గరైపోయింది.

అప్పర్ స్లాటర్‌కి వెళ్ళే గడ్డి మైదానంలో ఆవులు, దూడలు. నాకు టెన్షన్ వచ్చేసింది. దూడలున్న ఆవుల దగ్గరికి పోవద్దని ఇక్కడ అందరూ చెప్తారు. నాన్న నా చెయ్యి పట్టుకుని, "తల్లికీ దూడకీ మధ్యలోకి వెళ్ళకు, పరిగెత్తకు" అని చెప్పి, కంచె వారగా చుట్టు తిప్పి తీసుకెళ్ళారు. ఒక ఆవు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడింది. చాలా ఏళ్ళ తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను. గేటు దాటాక కూడా వదల్లేదు.

అప్పర్ స్లాటర్‌లో దుకాణం లేదు, హడావిడి లేదు. న్యూఢిల్లీ కట్టిన లుట్యెన్స్ 1906లో ఇక్కడి చిన్న చౌకు చుట్టూ ఉన్న కాటేజీలని మళ్ళీ కట్టాడు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఈ ఊరి నుంచి వెళ్ళిన వాళ్ళందరూ ప్రాణాలతో తిరిగొచ్చారు. అలాంటి ఊళ్ళు ఈ దేశంలో చాలా కొద్ది. ఆ సంగతి చెప్పగానే నాన్న, "మన మిలిటరీ మాధవరం నుంచి కూడా రెండింటికీ వెళ్ళారు" అన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర ఊరది, ఇంటికొక సైనికుడని చెప్పుకుంటారు. సర్వీసులో ఉండగా ఆయన సైకిలు మీద చాలాసార్లు వెళ్ళిన ఊరు. వాగు పక్కన గడ్డిలో కూర్చుని పులిహోర తిన్నాం. తింటున్నంతసేపూ ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

తిరుగు దారిలో కొంత దూరం వేరే బాట పట్టాం. అది బార్లీ చేను నడిమధ్యలోంచి పోతుంది. నడుము దాకా పైరు, మధ్యలో పాపిట తీసినట్టు దారి. దున్నినప్పుడు దీన్నేం చేస్తారని నాన్న అడిగారు. చేను అడ్డంగా పోయే బాటైతే దున్నుకోవచ్చు, కానీ విత్తనం వేసేటప్పుడు మొదటిసారి కదిలించిన రెండు వారాల్లోగా మళ్ళీ చదును చేసి, కనీసం మీటరు వెడల్పున దారి వదలాలి. గట్టు వెంట పోయే బాటైతే అసలు దున్నకూడదు, అక్కడ మీటరున్నర ఉండాలి. ఆయన చేతికర్ర నేల మీద అడ్డంగా పెట్టి కొలిచారు. కర్ర కంటే ఒక జానెడు ఎక్కువే ఉంది. వంగి, అంచున ఒరిగిపోయిన నాలుగు వెన్నులని లేపి చేనులోకి సర్ది నిలబెట్టారు.

"ఈ రైతు మంచోడు" అన్నారు.

మోకాలు ఎలా ఉందని అడగడం నాకు బస్సెక్కాక గాని గుర్తు రాలేదు. ఆయనకీ గుర్తు లేదు.

రాత్రి తొమ్మిదైనా బయట వెలుతురే. అన్నాలయ్యాక నాన్న డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి, కండువా అంచు నుంచి ఒక పోగు లాగారు. దాన్ని పచ్చ గీత వెంట, వంపు వచ్చిన చోటల్లా గోరుతో అదిమి పట్టుకుంటూ, బోర్టన్ నుంచి అప్పర్ స్లాటర్ దాకా, మళ్ళీ వెనక్కి పరిచారు. తర్వాత పోగు తీసి స్కేలు పక్కన పెట్టారు. ఇరవై ఆరు సెంటీమీటర్లు.

"ఆరున్నర కిలోమీటర్లు నడిచామమ్మా. మీ అమ్మకి ఫోన్ కలుపు."