మొదటి ఇల్లు కొని అద్దెకిచ్చేదాకా: నా అనుభవం

ఉండటానికి కాదు, అద్దెకివ్వడానికే ఒక ఇల్లు కొంటానంటే సలహాలకు కొదవ లేకపోయింది. అందరూ మాట్లాడింది ధర గురించే: ఇప్పుడెంత, పదేళ్లకెంత. పదేళ్ల తర్వాతి ధర నా చేతిలో ఉండేది కాదు కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేశాను. పెరిగితే సంతోషమే. పెరగకపోయినా ఈ ఇల్లు తన ఖర్చు తాను భరించగలదా అన్నదొక్కటే తేల్చుకోవాలనుకున్నాను.

అమ్మేవాళ్లు రాబడిని చూపించే పద్ధతి ఒకటుంది. నెల అద్దెను 12తో గుణించి, ఇంటి ధరతో భాగిస్తారు. వచ్చిన శాతం చూడముచ్చటగా ఉంటుంది. కానీ నా జేబులోంచి పోయేది ధర ఒక్కటే కాదు. రిజిస్ట్రేషన్, బ్రోకరు రుసుము, మనుషులు చేరేముందు చేయించాల్సిన మరమ్మతులు, ఇవన్నీ కలిపితే వచ్చే మొత్తంతో భాగించాలి. పైనున్న అంకె, అంటే ఏడాది అద్దె, కూడా పూర్తిగా చేతికి రాదు. ఏడాదిలో ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉన్నా అద్దెలో 8.33 శాతం పోయినట్టే. పన్ను, బీమా కట్టాలి. పైకప్పు, వైరింగు, నీటి మోటారు ఏదో ఒకరోజు పాడవుతాయి. ఎప్పుడన్నది తెలియదు కనుక అద్దెలో 10 శాతాన్ని ముందుగానే పక్కన పెట్టాలనుకున్నాను. పాత ఇల్లయితే అది కూడా చాలదు. ఇలా లెక్క వేసేసరికి నేను చూసిన ఇళ్లలో చాలావాటి రాబడి బ్యాంకు డిపాజిట్ కంటే తక్కువకు దిగింది.

అప్పు సంగతికి వస్తే, వాయిదాల పట్టికను పూర్తిగా చదివినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే మొదటి వాయిదాలో దాదాపు 83 శాతం వడ్డీకే పోతుంది. అసలులో సగం తీరేసరికి 14 ఏళ్లు గడుస్తాయి. ఇంకో లెక్క దీనికంటే చేదు. ధరలో 20 శాతం మన డబ్బు, 80 శాతం అప్పు అయితే, ఇంటి ధర 10 శాతం తగ్గినప్పుడు పోయేది మన పెట్టుబడిలో సగం. ధర పెరిగినప్పుడు ఇదే సూత్రం లాభంగా కనిపిస్తుంది కాబట్టి అందరూ ఆ వైపే చెబుతారు. నేను అప్పు తగ్గించుకుని, అనుకున్న దానికంటే చిన్న ఇల్లు తీసుకున్నాను.

కాగితాలు లాయరుకు చూపించాను: హక్కు ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, తనఖా ఏమైనా ఉందా, పన్ను బకాయిలున్నాయా. లోపల ఎవరైనా ఉంటున్నారా, ఏ ఒప్పందం మీద ఉంటున్నారు అన్నది కూడా రాతపూర్వకంగా అడిగాను. ఇల్లు చేతులు మారినంత మాత్రాన పాత అద్దె ఒప్పందం రద్దు కాదని చాలా దేశాల చట్టాలు చెబుతాయి. ఇంటితోపాటు దాని మీదున్న మాట కూడా కొంటున్నామన్నమాట.

అద్దెకు వచ్చేవారిని ఎంచుకోవడమే అన్నింటికంటే నెమ్మదిగా సాగింది. వచ్చినవారందరినీ అవే ప్రశ్నలు, అదే వరుసలో అడిగాను. ముఖం చూసి మంచివారో కాదో చెప్పగలమనే నమ్మకం నాకు లేదు. పక్షపాతం దూరేది కూడా అక్కడే. ఆదాయంలో మూడో వంతుకు మించి అద్దె పడితే ఇద్దరికీ ఇబ్బందేనని ఒక హద్దు పెట్టుకున్నాను. ప్రస్తుత ఇంటి యజమాని చెప్పేదానికంటే అంతకుముందున్న యజమాని మాటకు ఎక్కువ విలువ ఇచ్చాను. ఇప్పుడున్నాయన వాళ్లను వదిలించుకోవాలనుకుంటే పొగిడి పంపిస్తాడు కదా!

చివరికి చేరిన దంపతులు ఒప్పందం ముసాయిదాను నాకంటే శ్రద్ధగా చదివారు. "అద్దె ఆలస్యమైతే ఏమవుతుందో రాశారు, బాగానే ఉంది. నీళ్లు రాకపోతే ఎన్ని గంటల్లో బాగు చేయిస్తారో కూడా రాయండి" అన్నారావిడ. రాశాను. ఏ మరమ్మతు ఎవరి ఖర్చు, నేను ఇంట్లోకి రావాలంటే ఎంత ముందుగా చెప్పాలి అన్నవి కూడా ఆ రోజే చేరాయి. సంతకాలయ్యాక తాళం నాదే అయినా తలుపు వారిదే.

డిపాజిట్ మీదే యజమానులకు, అద్దెదారులకు ఎక్కువ పేచీలు వస్తాయి కాబట్టి అప్పగింత రోజున తొందరపడలేదు. గది గదికీ ఫొటోలు తీశాం. మీటరు రీడింగులు, తాళం చెవుల సంఖ్య, వాష్ బేసిన్‌లో ముందే ఉన్న సన్నని పగులు అన్నీ జాబితాలో రాసి ఇద్దరం సంతకం చేశాం. వాడకం వల్ల వచ్చే అరుగుదల వేరు, పాడుచేయడం వేరు. గోడ రంగు వెలిసిపోతే అది నా ఖర్చు. తలుపుకు రంధ్రం పడితే వారి ఖర్చు. అక్కడ కూడా కొత్తదాని ధర మొత్తం పట్టుకోవడం న్యాయం కాదు. 5 ఏళ్లు రావాల్సిన రంగును 3 ఏళ్ల తర్వాత వారు పాడుచేస్తే, అడగదగింది ఐదింట రెండు వంతులే. డిపాజిట్ సొమ్మును వేరే ఖాతాలో ఉంచాను, అది తిరిగి ఇవ్వాల్సిన డబ్బు కనుక.

ఒప్పందం గడువు ముగిసినప్పుడు బ్రోకరు ఫోన్ చేశాడు. కొత్తవారైతే 5 శాతం ఎక్కువ ఇస్తారట. పాతవారు వెళ్లి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే, ఆ నష్టం పూడటానికే 20 నెలలు పడుతుంది. ఆయన రుసుము, కొత్త సున్నం ఇంకా అందులో కలపలేదు. ఉన్నవారినే ఉండమన్నాను, పాత అద్దెకే. వారు మాత్రం వంటింటి కిటికీకి దోమతెర వేయించమని అడిగారు. అది మరమ్మతు కిందికి వస్తుందా, కొత్త వసతి కిందికి వస్తుందా అన్నది ఒప్పందంలో లేదు. ఖర్చు చెరి సగం పెట్టుకుని, ఆ వాక్యం కొత్త ఒప్పందంలో చేర్చాం.