మానా దారిలో మా నల్లోడు

బదరీనాథ్‌లో బ్రహ్మకపాలం దగ్గర నాన్న తాతయ్యకి, నాన్నమ్మకి, అమ్మకి పిండాలు పెట్టారు. అక్టోబరు చలి. పక్కనే అలకనంద హోరు. చివర్లో పంతులుగారు, ఇంకెవరైనా పేరూ గోత్రమూ తెలియనివాళ్ళుంటే తలుచుకుని ధర్మోదకాలు వదలమన్నారు. నాన్న నువ్వులూ నీళ్ళూ చేతిలోకి తీసుకుని కాసేపు ఆగారు.

"గోత్రం లేదండీ. పేరుంది. నల్లోడు."

పంతులుగారు ఎవరని అడగలేదు. "తలుచుకుని వదలండి" అన్నారంతే.

నల్లోడు పోయిన రోజున కూడా కన్నీరు పెట్టని మనిషి నాన్న. నేను ఏటి వైపు తిరిగి నిలబడిపోయాను.

నల్లోడు 2011 వానాకాలంలో కాకినాడలో మా ఇంటి మెట్ల కిందకొచ్చి చేరిన వీధికుక్క పిల్ల. గొంతు దగ్గర తెల్ల మచ్చ తప్ప ఒళ్ళంతా నలుపే. మా పిల్లలిద్దరూ వాడి వీపు పట్టుకునే నడక నేర్చుకున్నారు. పెరుగన్నం పెడితే ముందు పెరుగంతా నాకి, అన్నం వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసేవాడు. 2021లో మా వారికి హైదరాబాద్ బదిలీ అయింది. దొరికిన ఫ్లాట్‌లో కుక్కలకి వీల్లేదన్నారు అసోసియేషన్ వాళ్ళు. మేం ఎదురు మాట్లాడలేదు. వాణ్ణి పెద్దాపురం దగ్గర మా ఊళ్ళో నాన్న దగ్గర దింపి వచ్చేశాం. పెంపుడు కుక్కల్ని అలా నిషేధించే హక్కు అపార్ట్‌మెంట్ సంఘాలకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పిందట. ఆ సంగతి వాడు పోయాక తెలిసింది నాకు.

2023లో గోమార్ల వల్ల జ్వరం వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, నాలుగు రోజుల్లో పోయాడు. నేను వెళ్ళేసరికి నాన్న నిమ్మచెట్టు పక్కన గొయ్యి తీయించి, కల్లుప్పు వేసి పూడ్చేశారు. మట్టి ఇంకా తడిగా ఉంది.

ఈ యాత్ర నాన్న కోసం అనే అందరితో చెప్పాను. కానీ హరిద్వార్‌లో బండెక్కిన దగ్గర్నుంచీ నా మనసంతా బదరీనాథ్ దాటాక మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న మానా మీదే ఉంది. సుమారు 320 కిలోమీటర్ల కొండదారి. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ, విష్ణుప్రయాగ ఒక్కొక్కటీ వెనక్కి పోతుంటే డ్రైవర్ పేర్లు చెబుతున్నాడు, నాన్న దండం పెడుతున్నారు. పాండవులు స్వర్గారోహణకి వెళ్ళిన దారి మానా మీదుగానే అంటారు. ఐదుగురు అన్నదమ్ములు, ఆరో మనిషి ద్రౌపది, ఏడోది కుక్క. హస్తినాపురం నుంచే వాళ్ళ వెనక బయల్దేరిన ఆ కుక్కకి భారతంలో పేరు కూడా లేదు.

మధ్యాహ్నం మానా చేరాం. ఒకప్పుడు దేశంలో చివరి గ్రామం అనేవారు, ఇప్పుడు మొదటి గ్రామం అంటున్నారు. రాతి గోడల ఇళ్ళు, గుమ్మాల్లో కూర్చుని ఉన్ని అల్లుకుంటున్న ఆడవాళ్ళు. ఇక్కడుండే భోటియా తెగవాళ్ళు చలికాలానికి ఊరు ఖాళీ చేసి కింది ఊళ్ళకి దిగిపోతారు. అప్పటికే కొన్ని ఇళ్ళకి తాళాలు పడ్డాయి. వ్యాస గుహ, గణేశ గుహ చూసుకుని భీమ్ పుల్ దగ్గరికి నడిచాం. సరస్వతి అక్కడ రాళ్ళ మధ్య ఇరుకులోంచి ఎంత మోతతో దూకుతుందంటే పక్కమనిషి మాట వినపడదు. ద్రౌపది దాటడానికి భీముడు వేశాడంటారు ఆ పెద్ద బండని.

బండ దాటాక దారి వసుధార జలపాతం వైపు వెళ్తుంది. ఐదు కిలోమీటర్లు. పదివేల అడుగులకి పైన ఎత్తు కదా, డెబ్బై నాలుగేళ్ళ నాన్నకి అంత నడక వద్దనుకుని కొంచెం దూరం వెళ్ళి ఒక రాయి మీద కూర్చున్నాం. ఆ కొండల వైపు చూస్తే నాకు ఒకటే గుర్తొస్తోంది. ద్రౌపది పడిపోయింది, సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు వరసగా పడిపోయారు. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కని వదిలేసి ఎక్కమన్నాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి వచ్చే స్వర్గం నాకొద్దన్నాడు ధర్మరాజు. నేను రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కోసం వదిలేశాను.

అదే మాట నాన్నతో అనేశాను. ఏడాదిగా గొంతులో ఉండిపోయిన మాట. "నాకోసం చూసి చూసి పోయుంటాడు నాన్నా."

ఆయన వెంటనే ఏమీ అనలేదు. పైనుంచి గొర్రెల మంద దిగుతోంది. చివరన గొర్రెలకాపరి, వాడి మడమల వెనకే బొచ్చు కుక్క. చిరుతపులి గొంతు పట్టకుండా మెడకి ఇనుప ముళ్ళ పట్టీ కట్టారు. నేను బిస్కెట్ చూపించాను. ఆగి, నా వైపు ఒక చూపు చూసి, కాపరి వెంట వెళ్ళిపోయింది.

"మనవాడూ అంతే," అన్నారు నాన్న. "మొదటి రెణ్ణెల్లూ ఆటో ఆగినప్పుడల్లా గేటు దాకా వెళ్ళేవాడమ్మా. అబద్ధం చెప్పను. ఆ తర్వాత నా వెనకే. పొద్దున్నే చేనుగట్టు మీదకి, సాయంత్రం రావిచెట్టు దగ్గరికి. నేను ఆగితే ఆగేవాడు. రాత్రి దగ్గొస్తే లేచొచ్చి మంచం పక్కన నిలబడేవాడు."

కండువా సర్దుకున్నారు.

"మీ అమ్మ పోయింది. తమ్ముడు అమెరికా వెళ్ళాడు. మీరు హైదరాబాద్ వెళ్ళారు. చివరిదాకా నా వెనక నడిచింది వాడే. నువ్వు వాణ్ణి వదిలేశావని నేనెప్పుడూ అనుకోలేదు. నాకిచ్చావనుకున్నాను."

సరస్వతి హోరు అక్కడికి కూడా వినిపిస్తూనే ఉంది. రెండేళ్ళు నేను ఫోన్ చేసిన ప్రతిసారీ "నల్లోడు తిన్నాడా?" అని అడిగాను. నాన్న తిన్నారో లేదో ఎన్నిసార్లు అడిగానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను.

ఎండ కొండ వెనక్కి పోయింది, చలి పెరిగింది. నాన్న లేచి, కర్ర ఆనించుకుంటూ మానా వైపు దిగడం మొదలుపెట్టారు. చేయి పట్టుకుంటే వద్దంటారు. అందుకని ఆయన ఆగినచోట ఆగుతూ, రెండడుగుల వెనకే నడిచాను.