కచేరీ ఆహ్వానపత్రికలో పేరు ముందు ఏం వేయాలి?

కర్ణాటక సంగీత కచేరీ ఆహ్వానపత్రికల్లో తప్పులు ఎక్కువగా దొర్లేది పేర్ల దగ్గరే. గాయకుడికి నాలుగు బిరుదులు, వయొలిన్‌కి ఒట్టి పేరు, ఘటం వాయించేవారికి అదీ ఉండదు. పక్కవాద్యాలవారూ విద్వాంసులే. వేదిక మీద కూర్చునే ప్రతి ఒక్కరి పేరు ముందూ ‘విద్వాన్’ అనో ‘విదుషి’ అనో పడాలి. ‘విధుషి’ అని అచ్చవుతోంది చాలాచోట్ల. అక్కడ ఒత్తు లేదు.

విద్వాన్ అనడానికి ఏ సంగీత సభ అనుమతీ అక్కర్లేదు. ‘సంగీత కళానిధి’ అలా కాదు, అది మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చేది. 1942లో మొదలుపెట్టి, అంతకుముందు అకాడమీ ఏటా జరిపే సంగీత సదస్సులకు అధ్యక్షత వహించినవారికీ ఇచ్చారు. 1941 నాటి అధ్యక్షులు, మన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి ఆ గౌరవం దక్కింది అలాగే. ఇప్పుడైతే పేరు నెలల ముందే ప్రకటిస్తారు, ఆ విద్వాంసులు డిసెంబరు సదస్సు నడుపుతారు, బిరుదు జనవరి 1న చేతికి వస్తుంది. ఈలోగా దసరా కచేరీ పెట్టుకున్నవారు ‘సంగీత కళానిధికి ఎంపికైన’ అనాలి.

పండిత్, ఉస్తాద్ హిందుస్తానీ బాణీవి. మతం చూసి వేసేస్తే పొరపాటే: ఒంగోలు దగ్గరి కరవది నుంచి శ్రీరంగం చేరిన షేక్ చిన మౌలానా గారు నాదస్వర విద్వాన్, 1998 సంగీత కళానిధి. ఆయనకు ఉస్తాద్ తగిలించడమంటే ఆయన సాధన చేసిన సంప్రదాయాన్ని చెరిపేయడం.

పద్మ పురస్కారాల సంగతి కచ్చితంగా గుర్తుపెట్టుకోండి. అవి బిరుదులు కావనీ, పేరుకు ముందూ వెనకా తగిలించకూడదనీ 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. బాలమురళీకృష్ణ గారికి 1991లో పద్మవిభూషణ్ వచ్చిందన్న మాట పరిచయంలో రాయాలి, పేరుకు అతికించకూడదు.

‘ఆస్థాన విద్వాన్’ అన్నప్పుడు ఏ ఆస్థానమో చెప్పాలి. గాయకులు నేదునూరి కృష్ణమూర్తి గారు తిరుమల తిరుపతి దేవస్థానానికి ఆస్థాన విద్వాన్‌గా ఉండేవారు. సాహిత్యమూ సంగీతమూ రెండూ తనవే అయినవారు వాగ్గేయకారులు. బాగా పాడేవారందరికీ ఆ మాట వాడేస్తే త్యాగరాజస్వామికి వేరే మాట వెతుక్కోవాలి.

అచ్చుకు ముందు ప్రతి పేరునూ ఆ కళాకారులకే పంపి సరిచూపించండి. ఇంటిపేరు పూర్తిగా వేయాలా, పొడి అక్షరాలా అన్నదీ అప్పుడే తేలుతుంది. అదే కాగితం వ్యాఖ్యాత చేతికివ్వండి. బిరుదులు మొదట్లో ఒక్కసారి చదివితే చాలు. తని ఆవర్తనం (తాళవాద్యాలవారు మాత్రమే వాయించే ఘట్టం) అయ్యాక మృదంగం, ఘటం వారి పేర్లు మాత్రం మళ్లీ చెప్పాలి.