వెస్ట్‌పోర్ట్ పబ్బులో అభిమాన బ్యాండు పక్క బల్ల దగ్గర: నా అనుభవం

ఐర్లండ్ పడమటి తీరాన, మేయో కౌంటీలో వెస్ట్‌పోర్ట్ అని చిన్న ఊరు. ఐరిష్ సంగీతం వినేవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. 1962లో డబ్లిన్‌లో మొదలైన ద చీఫ్‌టన్స్ బృందంలోకి 1979లో వచ్చిన ఫ్లూట్ విద్వాంసుడు మ్యాట్ మొలాయ్ పబ్బు ఆ ఊళ్ళోనే, బ్రిడ్జ్ స్ట్రీట్‌లో ఉంది. నేను వెళ్ళింది ఆ పబ్బు వెనక గదిలో సంగీతం వినడానికి. పదేళ్ళుగా వింటున్న వేరే బ్యాండులో ముగ్గురు కనబడింది మాత్రం అదే వీధిలో ఇంకో పబ్బులో. వాళ్ళ పేరు రాయను. ఆ రాత్రి వాళ్ళు కచేరీకి రాలేదు, తీరిగ్గా వాయించుకోవడానికి వచ్చారు. అలాంటప్పుడు వాళ్ళ పక్కన ఎలా ఉండాలో తెలిస్తే మాట కలుస్తుంది, తెలియకపోతే రెండు నిమిషాల్లో చెడుతుంది.

ప్రయాణం సంగతి త్వరగా చెప్పేస్తాను. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో ఐర్లండ్ లేదు. ఫ్రాన్స్‌కో జర్మనీకో తీసుకున్న వీసా పనికిరాదు, విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆన్‌లైన్ ఫారం నింపి, ప్రింటు మీద సంతకం చేసి, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి వీసా సెంటర్లో ఇవ్వాలి. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి వెస్ట్‌పోర్ట్‌కి నేరుగా రైలుంది, సుమారు మూడుంబావు గంటలు. స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకి పది నిమిషాల నడక. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు రాత్రి 9 దాటాక పబ్బులో ఉండకూడదు. మే నుంచి సెప్టెంబరు వరకు 10 దాకా ఉండొచ్చు. సంగీతం మొదలయ్యేది చాలాచోట్ల తొమ్మిది, తొమ్మిదిన్నరకి. అంటే పిల్లలతో వెళితే దాదాపు ఏమీ వినరు.

నేను చేసిన తప్పు తొమ్మిదిన్నరకి చేరడం. వెనక గదులు చిన్నవి, ఎనిమిదిన్నరకే నిండిపోతాయి. చోటు లేక బయటికొచ్చి, నాలుగు గుమ్మాల అవతల ఫిడేలు వినబడితే అటు వెళ్ళాను. ఫిడేలంటే మన వయొలినే. ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని మనవాళ్ళు ఫిడేలు నాయుడు గారనే అన్నారు. వాయిద్యం ఒకటే. వీళ్ళు కుర్చీలో కూర్చుని, మెడకింద పెట్టుకుని వాయిస్తారు.

అక్కడ జరిగేదాన్ని సెషన్ అంటారు. వేదిక ఉండదు, మైకు ఉండదు, ఎవరూ ప్రకటనలు చెయ్యరు. చిన్న గుండ్రటి బల్ల, చుట్టూ ఆరేడు స్టూళ్ళు, ముఖాలన్నీ బల్లవైపు, వీపులు మనవైపు. రామాలయంలో శనివారం భజన చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. వాళ్ళు మనకి వినిపించడానికి కూర్చోలేదు, ఒకరికొకరు వాయించుకుంటున్నారు. సాధారణంగా ఇద్దరు ముగ్గురికి పబ్బువాళ్ళు డబ్బిస్తారు, ఆ రాత్రి నడిపించేది వాళ్ళే. మిగతావాళ్ళు వాయిద్యం పెట్టె పట్టుకొచ్చి, కనుసైగతో అడిగి కూర్చుంటారు. పెద్ద బ్యాండ్లవాళ్ళు సెలవుల్లోనూ, పర్యటనల మధ్య ఖాళీల్లోనూ ఇలాగే వస్తారు. అందుకే పోస్టర్లో పేరుండదు, ఎవరొస్తారో ముందు తెలియదు.

మొదటి జాగ్రత్త కుర్చీ. మూలన, కిటికీ కిందో పొయ్యి పక్కనో ఉన్న బెంచీ ఖాళీగా కనబడినా కూర్చోకూడదు, అది వాయించేవాళ్ళది. బల్లకి రెండు గజాల దూరంలో, గోడకి ఆనుకుని నిలబడడం మేలు. బారు దగ్గరికి మనమే వెళ్ళి చెప్పి, అప్పటికప్పుడే డబ్బు కట్టాలి. మద్యం తాగనివాళ్ళు నిమ్మరసం కలిపిన సోడా అడగొచ్చు, ఎవరూ వింతగా చూడరు. 2004 మార్చి నుంచి పబ్బుల్లో పొగ నిషేధం కాబట్టి చిన్న గదిలోనూ ఊపిరాడుతుంది.

ముఖాలు చూసి నేను నా అభిమాన బ్యాండు ముగ్గురిని పోల్చుకోలేదు, వాయింపు విని పోల్చుకున్నాను. పాట వేరు, ట్యూన్ వేరు. నోటితో పాడేదే పాట, వాయిద్యాలమీద వాయించేది ట్యూన్. ఈ తేడా తప్పితే విన్నవాళ్ళు సున్నితంగా సరిదిద్దుతారు. ట్యూన్‌కి సాధారణంగా రెండు భాగాలు, ఒక్కోటి ఎనిమిది బార్లు (బార్ అంటే లయలో ఒక చిన్న గడి), ఒక్కోదాన్నీ రెండేసిసార్లు వాయిస్తారు. మొత్తం 32 బార్లు. రీల్ అనే చతురశ్ర నడక ట్యూన్‌కి ఒక చుట్టు తిరగడానికి ముప్పై అయిదు సెకన్ల పైచిలుకు పడుతుంది. మూడు చుట్లు తిరిగాక, ఆగకుండా, ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు. ఇలా రెండు మూడు ట్యూన్లు కలిస్తే ఒక సెట్. జిగ్ అనే ట్యూన్ అయితే మూడేసి లెక్కల్లో సాగే 6/8, మన తిశ్ర నడకకి దగ్గర. ఏ ట్యూన్ తర్వాత ఏది, ఏ శ్రుతినుంచి ఏ శ్రుతికి అన్నది ఆ బృందం సొంత ముద్ర. ఆ రాత్రి రెండో జిగ్ చివరి బార్లో ఫ్లూట్ ఒక్కటే మిగిలి, ఫిడేలు పైస్థాయిలో మూడోదాన్ని అందుకుంది. పదేళ్ళుగా నా సీడీలో వింటున్న మలుపు అదే. వెన్ను జలదరించింది. తల తిప్పి చూస్తే ఫ్లూట్ పట్టుకున్నాయన నాకు మూడడుగుల దూరంలో ఉన్నాడు.

ఇక్కడే చాలామంది ఫోను తీస్తారు. సెట్ నడుస్తుండగా ఫ్లాష్ కొట్టడం, చేతులు చాచి సెల్ఫీ తీసుకోవడం, పేరు పెట్టి పిలవడం, ఈ మూడూ వాళ్ళని ఆ బల్లనుంచి లేపేస్తాయి. తాళం వెయ్యడమూ వద్దు. వెనకనుంచి చప్పట్లు కొడితే లయ ముందుకు తోసుకుపోతుంది, పక్కవాళ్ళ ఫిడేలు వాళ్ళకే వినబడదు. కాలు నేలకి ఆనించి ఆడించుకోవచ్చు. నెమ్మదిగా సాగే ఏర్ అనే బాణీ వాయిస్తున్నా, వాయిద్యం లేకుండా ఎవరైనా పాట ఎత్తుకున్నా గది మొత్తం మౌనం అయిపోతుంది. అప్పుడు బారు దగ్గరా ఏమీ అడగకూడదు.

మాట కలపడానికి చోటు సెట్లమధ్య కాదు. సెట్లమధ్య వాళ్ళు శ్రుతి చేసుకుంటారు, తర్వాత ఏం వాయించాలో అనుకుంటారు. బోధ్రాన్ అనే ఐరిష్ డప్పు వాయించేవాడు దాని చర్మం మీద నీళ్ళు చిలకరించుకుంటాడు. అది మన డప్పులాగే మేకతోలు. డప్పుని మంట దగ్గర కాచి బిగిస్తాం, వీళ్ళు గది వేడికి మరీ బిగిసినదాన్ని తడిపి వదులు చేస్తారు. గంటకో గంటన్నరకో ఒక పెద్ద విరామం వస్తుంది. ఫిడేలు పెట్టెలోకి వెళ్ళి మూత పడిందంటే అదే సమయం.

అంతకుముందే నేను బారు దగ్గరికి వెళ్ళి, ఆ బల్లవాళ్ళు ఏం తాగుతున్నారో అడిగి, తలా ఒక గ్లాసు నా తరఫున పంపమన్నాను. పంపినవాళ్ళు ఎవరో బారులో మనిషే చెబుతారు. మనమే గ్లాసులు మోసుకెళితే బల్లమీద వాయిద్యాలు ఉంటాయి, ఒలికితే ప్రమాదం. విరామంలో ఫ్లూట్ ఆయనే నావైపు తిరిగి గ్లాసు ఎత్తాడు. అప్పుడు వెళ్ళాను. "మీ అభిమానిని" అని మొదలుపెట్టలేదు. "ఆ సెట్లో రెండో జిగ్ పేరేంటండీ?" అని అడిగాను. వాయించేవాళ్ళకి ఇష్టమైన ప్రశ్న ఇదే. ఎవరిదగ్గర నేర్చుకున్నారు, ఏ కౌంటీ బాణీ అన్న కబురు దానంతటదే వస్తుంది. నాతో పావుగంట మాట్లాడారు. విజయనగరంలో ఫిడేలు నేల మీద కూర్చుని, ఫిడేలు తలని కాలి చీలమండకి ఆనించి వాయిస్తారని చెబితే ఫిడేలు ఆవిడ అక్కడికక్కడే ప్రయత్నించి చూసింది.

ఫొటో, రికార్డింగు చివర్న అడగాలి. "ఒక్క సెట్ నాకోసం మాత్రమే, ఎక్కడా పెట్టను" అంటే దాదాపు ఎవరూ కాదనరు. సీడీలు చాలాసార్లు వాయిద్యం పెట్టెలోనే ఉంటాయి. చిల్లర నోట్లు, ఇరవై యూరోల దాకా, జేబులో ఉంచుకోవాలి, వాళ్ళ దగ్గర కార్డు మెషీన్ ఉండదు. సంతకం సీడీ ప్లాస్టిక్ డబ్బా మీద పెట్టించుకుంటే గీతలు పడి పోతుంది. లోపలి పుస్తకం బయటికి తీసి, సన్నమొన పర్మనెంట్ మార్కర్ ఇవ్వాలి. నున్నటి కాగితం కాబట్టి సిరా వెంటనే ఆరదు. రెండు నిమిషాలు గాలికి ఉంచకుండా లోపలికి దోపితే డబ్బా అంచు రాసుకుని అక్షరాలు చెదురుతాయి. మూడు సంతకాల్లో మొదటిది నాకు అలాగే కొంచెం అలికింది.

ఆ రెండో జిగ్ పేరు ఫ్లూట్ ఆయన నా నోటు పుస్తకంలో తన చేత్తోనే రాసిచ్చాడు. ఐరిష్‌లో రెండు మాటలు: గన్ ఆనిమ్. పేరు లేనిది అని అర్థం.